గుడి గంట వినిపించే గది

బుకింగ్ యాప్‌లో ఆ లాడ్జికి 4.3 రేటింగ్. ఏసీ, లిఫ్ట్, పార్కింగ్, ఫ్రీ వైఫై... అన్నిటికీ టిక్ మార్కులే. కింద చిన్న అక్షరాల్లో 'గుడికి 2.6 కి.మీ.' అని కూడా ఉంది. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకి పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లేవాడికి రెండున్నర కిలోమీటర్లు ఒక లెక్కా? బుక్ చేసేశాను.

భద్రాచలం చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. బయట సన్నగా వాన. నాయనమ్మ గదిలోకి రాగానే కిటికీ తెరిచి చూసింది. ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, దానికి వేలాడుతున్న ఏసీ డబ్బా.

"గుడి ఏదిరా చిన్నోడా?"

"పొద్దున ఆటోలో పోదాం నాయనమ్మా. పది నిమిషాలే."

"మరి ఈడ పండుకునేది దేనికి? ఖమ్మంలో మనింట్లోనే పండుకుని పొద్దున బస్సెక్కితే సరిపోయేదిగా?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె మొక్కు దర్శనం కాదు. దర్శనానికి చాలాసార్లు వచ్చింది. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే టూర్లు అవన్నీ. ఈసారి ఆమె అడిగింది ఒక్కటే. ఒక రాత్రి గుడి పక్కన పడుకోవాలి, తెల్లవారుజామున గంట వినపడి మెలకువ రావాలి. నేను మాత్రం దాన్ని 'భద్రాచలంలో ఒక రాత్రి' అని అర్థం చేసుకుని ఫిల్టర్లు పెట్టుకున్నాను. గంట వినపడుతుందా అనే ఫిల్టర్ ఏ యాప్‌లోనూ లేదు.

ఊరు ఎలా ఉందంటే...

ఆ రాత్రి నిద్ర పట్టక మ్యాప్ చూస్తూ కూర్చున్నాను. నాలాగే గది వెతుక్కునేవాళ్లకి ఇది పనికొస్తుంది.

భద్రాచలం గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉంది. రాముడి గుడి ఉన్న చిన్న గుట్ట పేరు భద్రగిరి. భద్రుడు అనే భక్తుడు తపస్సు చేసి కొండగా మారాడని స్థలపురాణం. ఆ గుట్ట చుట్టూ పాత ఊరు. గుడి ముందు నుంచి రాజవీధి మీదుగా వెళ్తే గోవిందరాజస్వామి గుడి వస్తుంది. ఊళ్లోవాళ్లకి అది తాతగుడి. ఉత్సవాలప్పుడు స్వామివారి తిరువీధి సేవ ఈ దారిలోనే సాగుతుంది. ఇంకోవైపు రంగనాయకుల గుట్ట. ఇక బ్రిడ్జి సెంటర్, చర్ల రోడ్డు, కూనవరం రోడ్డు వైపు పెరిగిందంతా కొత్త ఊరు. పెద్ద లాడ్జీలు, షోరూములు, పార్కింగ్ స్థలాలు ఎక్కువగా ఉండేది ఇటే. వంతెన అవతల సారపాక. పేపర్ మిల్లు ఉన్న ఊరు అది.

ఈ వంతెన 1965లో ప్రారంభమైంది. అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి ప్రారంభించారు. పక్కనే ఇప్పుడు రెండో వంతెన కూడా ఉంది. నాయనమ్మ మొదటిసారి భద్రాచలం వచ్చినప్పుడు ఆ మొదటిది కూడా లేదు. పెళ్లైన కొత్తలో తాతయ్యతో కలిసి పడవ మీద గోదావరి దాటిందట. అప్పటికి ఊళ్లో ఇన్ని లాడ్జీలు ఎక్కడివి? గుడి వీధిలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు తమ ఇంటి అరుగు మీద పడుకోనిచ్చారు. తెల్లారగట్ల గంట మోగింది. ఆ ఇంటావిడ ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి "లే అమ్మాయ్, స్వామి లేచాడు" అంది.

అరవై ఏళ్లుగా నాయనమ్మ దాచుకున్న కథ ఇది. నాకు మాత్రం ఆ రాత్రే, ఏసీ డబ్బా చప్పుడు మధ్య చెప్పింది.

మకాం మార్చాం

పొద్దున్నే ఆటో ఎక్కి గుడి దగ్గర దిగాం. నాయనమ్మని ఒక టిఫిన్ బండి పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, ఇడ్లీ పెట్టించి, గది వేటకి బయల్దేరాను. ఫోన్ జేబులో పెట్టేసి మామూలుగా నడిచాను. రెండు మూడు చోట్ల మెట్లు ఎక్కువ. ఒకచోట గది బాగుంది కానీ కిటికీ లేదు. ఇంకోచోట కిందంతా పెళ్లివాళ్ల హడావిడి.

చివరికి గుడి గుట్ట దిగువన ఒక సందులో దొరికింది. రెండంతస్తుల పాత ఇల్లు. కింద ఇంటివాళ్లు, ముందు వరండాలో పూజాసామాను కొట్టు, పక్కనా పైనా కలిపి ఐదు గదులు. బోర్డు కూడా సరిగ్గా లేదు. యాప్‌లో అసలే లేదు. కింద గది అడిగాను. ఏసీ లేదు, ఫ్యాన్ ఉంది. వేడినీళ్లు బకెట్‌తో ఇస్తారు. నేను ముందు తీసుకున్న గది రోజుకి 2,400. ఇది 900.

"గుడి గంట వినపడుద్దా అండీ?" అని అడిగాను. ఇంటావిడకి యాభై ఐదేళ్లుంటాయి. నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"వినపడకుండా ఎట్లుంటది బాబూ? వద్దన్నా వినపడుద్ది. మైకు కూడా వినపడుద్ది. తర్వాత నిద్ర పట్టలేదని నన్ననొద్దు."

ఇలాంటి పేట కావాలనుకునేవాళ్లు ఈ చివరి మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. సందడిగా ఉన్న పాత వీధిలో ఉండటం అంటే ఫొటోలో కనిపించేది ఒక్కటే కాదు. తెల్లవారుజామున సుప్రభాతం, ఆ వెంటనే షట్టర్లు లేపే చప్పుడు, పాల బండి హారన్, పక్క కొట్టులో రామదాసు కీర్తనలు, దాని పక్క కొట్టులో సినిమా పాట. రాత్రి పదిన్నర దాకా ఇదే వరస. శ్రీరామనవమికి, ముక్కోటికి అయితే ఇక చెప్పక్కర్లేదు. ప్రశాంతత కావాలంటే కొత్త ఊరే మంచిది. అందులో తప్పేం లేదు. కానీ మీరు వచ్చింది ఊరిని చూడటానికైతే, ఊరు నిద్ర లేచేటప్పుడు అక్కడ ఉండాలి.

ఆ రోజంతా మేం వందల అడుగులకు మించి నడవలేదు. దర్శనానికి వెళ్లాం. ఇక్కడి రాముడికి నాలుగు చేతులు, ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణుడు. పోకల దమ్మక్క అనే భక్తురాలికి ఈ విగ్రహాలు దొరికాయని, ఆమె పందిరి వేసి పూజించిందని చెబుతారు. తర్వాత పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము వాడాడని గోల్కొండలో ఖైదు చేశారు. అప్పుడు పాలకుడు తానీషా, 1672 నుంచి 1687 వరకు గోల్కొండని ఏలినవాడు. జైల్లో కూర్చుని రామదాసు ఏ నగకి ఎంతైందో రాముడికే లెక్క చెప్తూ కీర్తన రాశాడు. ఖర్చుల లెక్కని పాటగా మార్చినవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

మధ్యాహ్నం నాయనమ్మ ఇంటావిడతో కొట్టు దగ్గర కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు కుంకుమ, గాజులు, ఫొటోలు, పిల్లలకి బొమ్మలు కొంటున్నారు. అడవి వైపు నుంచి వచ్చిన కోయ ఆడవాళ్లు ఇద్దరు అడ్డాకు విస్తర్ల కట్టలు దించి లెక్క చూసుకుంటున్నారు. చర్ల, దుమ్ముగూడెం, అటు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పల్లెలకి ఇదే పెద్ద బజారు. ఆస్పత్రికైనా, ఐటీడీఏ ఆఫీసులో పనికైనా ఈ ఊరే రావాలి. యాత్రికుల ఊరు అనుకుంటాం కానీ, మనం వెళ్లిపోయాక కూడా నడిచే బజారు ఇది.

నాయనమ్మ తన పాత అరుగు గురించి అడిగింది. ఇంటావిడ చాలాసేపు ఆలోచించి, "ఆ వరసలో అరుగుల ఇళ్లు ఇప్పుడు లేవమ్మా" అంది. కొన్ని కొత్తగా కట్టుకున్నారు. కొన్ని గుడి చుట్టూ విస్తరణ పనుల్లో పోయాయి. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆ కొట్టు వరండా గట్టు మీద చేత్తో దుమ్ము దులిపి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఎన్నడుగులు?

సాయంత్రానికి వాన పెద్దదైంది. అప్పటి నుంచి వీధిలో ఒకటే ప్రశ్న వినపడసాగింది. టీ కొట్టు దగ్గర, పూల బుట్ట దగ్గర, బండి ఆపినవాడి దగ్గర. "ఎన్నడుగులు?"

నాకు మొదట అర్థం కాలేదు. గోదావరి గురించి. పొద్దున 34, ఇప్పుడు 37.

భద్రాచలంలో చిన్నపిల్లలకి కూడా మూడు అంకెలు తెలుసు. 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండోది. 53 అయితే మూడోది. దాదాపు ప్రతి వానాకాలం మొదటి అంకె దగ్గరికి నీళ్లు వస్తాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఇప్పటిదాకా అదే రికార్డు. 2022 జులైలో 71.3. ఆ రెండుసార్లూ వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

ఇంటావిడ నన్ను సందు చివరికి తీసుకెళ్లి ఒక కొట్టు స్తంభం చూపించింది. నా నడుము ఎత్తులో సున్నం మీద పాత తడి మరక. "ఇది 2022ది. మా ఇంటిదాకా రాలేదు, ఇక్కడే ఆగింది."

"కరకట్ట ఉంది కదా?" అన్నాను.

"కరకట్ట గోదారిని ఆపుద్ది. మరి ఊళ్లో పడ్డ వాన ఎటు పోవాలి?"

ఇంజినీరింగ్ చదివినవాడిని. నాకు తట్టని ప్రశ్న. 1986 వరద తర్వాత నది పక్కన కట్టిన కరకట్టకి స్లూయిజ్‌లు ఉంటాయి. మామూలు రోజుల్లో ఊరి నీళ్లు వాటిగుండా నదిలోకి పోతాయి. గోదావరి పెరిగితే నది నీళ్లు వెనక్కి తన్నకుండా వాటిని మూసేస్తారు. అప్పుడు ఊళ్లో పడ్డ వాన ఊళ్లోనే నిలిచిపోతుంది. మోటార్లు పెట్టి తోడాలి. అందుకే నది కట్ట దాటకపోయినా గుడి దగ్గర అన్నదాన సత్రం, విస్తా కాంప్లెక్స్ వైపు నీళ్లు నిలిచాయని వార్తల్లో చూస్తుంటాం.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇక్కడి వాన చూసి గోదావరిని అంచనా వేయకూడదట. ప్రాణహిత, ఇంద్రావతి ఎలా ఉన్నాయి, ఎగువన పేరూరు దగ్గర ఎంత ఉంది అని చూడాలి. దిగువన కూనవరం దగ్గర శబరి కూడా నిండుగా వస్తే, ఇక్కడి నీళ్లు త్వరగా కిందికి దిగవు. ఆమె ఏ కాలేజీలోనూ చదవలేదు. పైనుంచి ఎంత వస్తోంది, కింద ఎంత దారి ఉంది, మధ్యలో ఎంత నిలిచింది, మొత్తం సిస్టమ్ ఆమె బుర్రలో ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. యాప్‌లో మనం చూసే మ్యాప్ బల్లపరుపుగా ఉంటుంది. ఈ ఊరివాళ్ల మ్యాప్‌లో ఎత్తు ఉంటుంది. ఏ వీధి ఎన్ని అడుగులకి తడుస్తుందో వాళ్లకి తెలుసు. పాత ఊరు గుట్టని పట్టుకుని ఎందుకు పెరిగిందో, సుభాష్‌నగర్ లాంటి పల్లపు కాలనీల్లోవాళ్లు జులై వస్తే బియ్యం డబ్బాలు ఎందుకు అటక మీద పెడతారో ఆ మ్యాప్ చూస్తేనే తెలుస్తుంది.

డబ్బు వెనక్కిచ్చింది

తెల్లవారుజామున గంట మోగింది. నాయనమ్మ అప్పటికే లేచి మంచం మీద కూర్చుని ఉంది. లైటు వేయొద్దంది. వాన చప్పుడులో మైకు సరిగ్గా వినపడలేదు కానీ గంట మాత్రం స్పష్టంగా వినపడింది. ఆమె చేతులు జోడించలేదు, కళ్లు మూసుకోలేదు. ఊరికే విన్నది. తర్వాత "మీ తాత నిద్ర లేవలేదు ఆ రోజు, నేనే తట్టి లేపా" అంది.

ఆరున్నరకి ఇంటావిడ టీ గ్లాసులతో వచ్చింది. "41 దాటింది బాబూ. పేరూరు కాడ ఇంకా పెరుగుతోందంట. మీరు ఈ పూట బయల్దేరండి."

మేం రెండు రోజులకి డబ్బు కట్టాం. నాకు ఇంకో రోజు ఉండాలని ఉంది. పర్ణశాల చూడలేదు, అది ముప్ఫై కిలోమీటర్ల పైనే ఉంటుంది. "43 అయినా వంతెన నడుస్తుంది కదా?" అన్నాను, రాత్రి నేర్చుకున్న పాఠం అప్పజెప్తున్నట్టు.

"నడుస్తది. కానీ ఈ సందులో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే మీ నాయనమ్మని ఎత్తుకుని నడుస్తావా?"

నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు. నేను నోరు మూసుకున్నాను. ఆమె రెండో రోజు 900 లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు. "ఉండని గదికి డబ్బు తీసుకోను" అంది.

నాయనమ్మ అడిగింది: "మరి నువ్వెక్కడికి పోతావమ్మా?"

"నేనెక్కడికి పోతానమ్మా? కొట్టు సామాను పైకెక్కించుకుంటా. మరీ పెరిగితే గుట్ట మీద వసతి గృహాలున్నాయి, అక్కడికి పోతాం. ఏటా ఉండేదే."

ఊరి పేరులో అచలం అనే మాట ఉంది. కదలనిది అని అర్థం. మేం బ్యాగులు సర్దుకునేటప్పుడు ఆ వీధి వీధంతా సామాను కదుపుతోంది. ఇత్తడి దీపాలు గోనెసంచుల్లోకి, ఫొటో ఫ్రేములు అట్టపెట్టెల్లోకి, అన్నీ మేడ మీదికి. నేను కాసేపు పెట్టెలు మోశాను. ఎనిమిది పెట్టెలకే నడుము పట్టింది. వాళ్ల పన్నెండేళ్ల మనవడు నన్ను చూసి నవ్వి, ఒకేసారి రెండు ఎత్తుకుపోయాడు.

బస్సు వంతెన మీదికి వచ్చినప్పుడు కింద గోదావరి ఎర్రగా, అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డు దాకా నిండుగా ఉంది. స్నానఘట్టాల మెట్లు కనపడలేదు. ఆ రాత్రి 44 దాకా వెళ్లి మర్నాడు తగ్గిందని ఇంటావిడ ఫోన్‌లో చెప్పింది. సందులోకి పాదాలు తడిసేంత నీళ్లు వచ్చాయట.

మీరు వెళ్తే...

పాత ఊళ్లో గది తీసుకోవాలనుకుంటే, నా తప్పుల నుంచి కొన్ని సంగతులు.

భద్రాచలం రోడ్ రైల్వేస్టేషన్ భద్రాచలంలో లేదు. అది కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు బస్సులో రావాలి. పేరు చూసి స్టేషన్ పక్కన గది బుక్ చేసుకోకండి.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు వెళ్తే ఎటపాక. అది ఆంధ్రప్రదేశ్. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలోకి వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకి వెళ్లినా ఈ ఊరు తెలంగాణలోనే ఉండిపోయింది. కాబట్టి అడ్రసులో రాష్ట్రం పేరు చూసి కంగారుపడకండి, దూరం చూసుకోండి.

దేవస్థానం వసతి గృహాలు కూడా ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవచ్చు. శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి రోజుల్లో అప్పటికప్పుడు గది దొరకడం కష్టం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అప్పుడైతే ఇంకా ముందే చూసుకోవాలి.

మొదటిసారి ఒక్క రాత్రికే డబ్బు కట్టండి. పొద్దున నడిచి చూసి నచ్చిన చోటికి మారండి. పెద్దవాళ్లు ఉంటే కింద అంతస్తు అడగండి. కిటికీ తెరిచి చూడండి. గుడికి ఎంత దూరం అని కాదు, గుడికి ఎన్ని మెట్లు అని అడగండి.

జులై, ఆగస్టు, సెప్టెంబర్లలో వెళ్తే లాడ్జిలో ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఈ సందులోకి ఎన్నడుగులకి నీళ్లొస్తాయి?" అంకె చెప్పినవాళ్ల దగ్గర ధైర్యంగా దిగండి. "ఇక్కడికేం రావు సార్" అని నవ్వేసినవాళ్ల దగ్గర కాస్త ఆలోచించండి. వాళ్లు వెళ్లిపొమ్మంటే వెళ్లిపోండి. మనకి పోయేది ఒక సెలవు రోజు. వాళ్లకి ఆ రోజు చేతినిండా పని ఉంటుంది, మన గురించి కూడా కంగారుపడే తీరిక ఉండదు.

నాయనమ్మ ఇప్పుడు స్మార్ట్‌ఫోన్‌లో ఒక్క పని నేర్చుకుంది. ఇంటావిడ నంబర్‌కి ఎలా డయల్ చేయాలో. వానాకాలం వస్తే చాలు, టీవీలో గోదావరి కనపడగానే ఫోన్ తీస్తుంది. బాగున్నావా అని కూడా అడగదు.

"ఎన్నడుగులమ్మా?"